రెండువందల నలభై ఎడమ చేతులు

ఆ ఇంట్లో కింద కుట్టుపని, పైన కాపురం. కింద పదకొండు మిషన్లు, వాటి ముందు పదకొండుమంది ఆడవాళ్ళు, ఒక కటింగ్ మాస్టరు. ముప్ఫై ఏళ్ళుగా అదంతా ఒక్క మనిషి మాట మీద నడుస్తోంది. ఆవిణ్ణి అందరూ అమ్మగారంటారు. ఆవిడ చెబుతుంది, వాళ్ళు చేస్తారు. మధ్యలో ఇంకో మాటకు చోటు లేదు.

ఆ ఉదయం పైన అమ్మగారు టీ తాగుతూ కూతురి పాఠం వింటోంది. కూతురు మేనేజ్‌మెంట్ చదివింది. వేరే ఊళ్ళో ఒక శిక్షణ సంస్థ వాళ్ళు నాయకత్వం గురించి మేనేజర్లకు పాఠాలు చెప్పడానికి రమ్మన్నారు. వస్తున్నదీ లేనిదీ ఆ సాయంత్రం అయిదింటిలోగా చెప్పాలి. అందుకని పిల్ల అద్దం ముందు నిలబడి తెగ సాధన చేస్తోంది. కొందరు నాయకులు ఆజ్ఞాపిస్తారట, కొందరు అందరినీ అడిగి నిర్ణయిస్తారట, ఇంకొందరు పని అప్పగించి పక్కకు తప్పుకుంటారట. మూడో రకం తానేనని తండ్రి మురిసిపోయాడు. పని అప్పగించకుండానే తప్పుకునే రకం తమ పుస్తకాల్లో లేదంది కూతురు.

"మరి నేనో?" అంది అమ్మగారు.

"మొదటి రకం. అందులో నీకు సాటి లేదు."

అది మెప్పో దెప్పో అమ్మగారికి తెలియలేదు. మెప్పనే అనుకుని, ఇదే అదనుగా మనసులో మాట బయటపెట్టింది. ఎక్కడికో వెళ్ళి ఊళ్ళోవాళ్ళకు పాఠాలు చెప్పడమెందుకు, తన తరవాత కింద షాపంతా ఎవరిది?

"నీ తరవాత అంటున్నావు. నీతో పాటు అని ఉంటే ఉండేదాన్నమ్మా," అంది కూతురు. "నువ్వుండగా అక్కడ ఇంకో మనిషి నోరు విప్పగలదా?"

అమ్మగారికి టీ చేదయిపోయింది. ఈ పిల్ల ఉంటుందనే కదా మోకాళ్ళు పీకుతున్నా ఇన్నాళ్ళూ మెట్లెక్కి దిగుతోంది. ఏదో గట్టిగా అనబోయింది. ఇంతలో కింద మిషన్లు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. పనివేళలో ఆ ఇల్లు అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేదు. ఆవిడ కంగారుగా దిగింది, వెనకాలే కూతురూ.

నర్సులు వేసుకునే పొడుగుచేతుల చొక్కాలు నూట ఇరవై, మర్నాడు పొద్దున్నే ఆసుపత్రికి చేరాలి. చేతులు అతికించే ఆవిడ ఒక చొక్కా ఎత్తి చూపించింది. ఎడమ చెయ్యి చక్కగా కూర్చుంది. కుడి చెయ్యి మెలి తిరిగి వెనక్కి చూస్తోంది. కట్టలన్నీ విప్పి చూస్తే రెండువందల నలభై చేతులూ ఎడమవే.

ఎప్పుడూ వాడే బట్ట రెండు వైపులా ఒకటే, ఈసారిది కొత్త రకం. ఒకవైపు నునుపు, రెండో వైపు నూగు. అలాంటి బట్టను రెండు పొరలుగా, నునుపుకు నునుపు ఆనించి పరిస్తే ఒకే కోతలో ఒక కుడి, ఒక ఎడమ వస్తాయి. అన్నీ ఒకే వైపు పరిస్తే వచ్చేవన్నీ ఒకే చేతులు. నిన్న అలా పరిచింది ఎవరో కాదు, సాక్షాత్తూ అమ్మగారే.

ఆవిడ ముఖంలో నెత్తురు చుక్క లేదు. నిన్న ఎవరూ చూడలేదా అని అడిగింది. మాస్టరు నేల చూపులు చూశాడు.

"నేను చూశానమ్మగారూ. క్రితంసారి కాలరు సంగతి చెప్పబోతే, షాపు నీదా నాదా అన్నారు. అందుకని ఊరుకున్నాను."

ఆయనొక్కడే కాదు, ఇంకో నలుగురూ చూశారు. అమ్మగారు చేశారంటే అందులో ఏదో ఉండే ఉంటుందనుకున్నారట. అమ్మగారు స్టూలు మీద కూలబడింది.

కూతురు రంగంలోకి దిగింది. అందరినీ బల్ల చుట్టూ చేర్చి, ఎవరికి తోచింది వాళ్ళు చెప్పమంది. ఇక చూసుకోండి! ముప్ఫై ఏళ్ళ మౌనం ఒక్కసారి తెగింది. మళ్ళీ బట్ట తెప్పించమంది ఒకావిడ. అది రావడానికి వారం పడుతుంది. ఇంకో ఇద్దరు సందు చూసుకుని ఫ్యాను ఎవరివైపు తిప్పాలన్న పాత తగువు పైకి తీశారు. అరగంట గడిచినా ఒక్క చెయ్యీ కుడివైపుకు మారలేదు.

అప్పుడు మూల నుంచి కాజాల పిన్ని ఏదో గొణిగింది. గుండీలకు కాజాలు కుట్టే ఆవిడ గొంతు ఎలా ఉంటుందో చాలామందికి తెలియనే తెలియదు. నీకేం తెలుసు అనబోయి అమ్మగారు ఆ మాట మింగేసింది.

"మళ్ళీ చెప్పవే. అందరూ ఆగండి, దాన్ని చెప్పనివ్వండి."

సగం చేతులకు కాగితపు అచ్చు తిరగేసి పెట్టి, భుజం దగ్గర రెండు వేళ్ళు కిందికి మళ్ళీ కోస్తే కుడిచేతులవుతాయంది పిన్ని. ఎడమవీ అంతే కురచ చేసి, మిగిలిన ముక్కలతో అన్నింటికీ మణికట్టు దగ్గర పట్టీ వేస్తే పొడుగు సరిపోతుంది. మాస్టరు ఒక చెయ్యి కోసి చూశాడు. అమ్మగారు దాన్ని చొక్కాకు ఆనించింది. అచ్చంగా కుదిరింది.

మీటింగ్ అయిపోయిందంది కూతురు. కొంగు బిగించినంత పని చేసి ఎవరి పని వాళ్ళకు పంచేసింది. ఇక ఎవరూ సలహాలివ్వకూడదంది. మాస్టరుకు కోత, ఆరుగురికి పట్టీలు, అయిదుగురికి చేతులు అతకడం, తండ్రికి ఇస్త్రీ. తప్పుకోవడానికి ఆయనకు దారే దొరకలేదు. అమ్మగారు అలవాటు కొద్దీ కత్తెర అందుకోబోయింది.

"అమ్మా, నువ్వు గుండీలు కుట్టు. నోరు మూసుకుని కుట్టు."

అందరూ బిగుసుకుపోయారు. అమ్మగారు కూతురి వైపు చూసింది, కత్తెర బల్ల మీద పెట్టింది, సూది తీసుకుంది. తరవాత పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. మాస్టరు నవ్వాడు, పిన్ని నవ్వింది. ఆ గదిలో అన్ని నవ్వులు ఎవరూ విని ఎరగరు.

అయిదు కావస్తుండగా వందో చొక్కా ఇస్త్రీ బల్ల ఎక్కింది. శిక్షణ సంస్థ వాళ్ళకు ఫోను చెయ్యాలి కదా అని అమ్మగారే గుర్తు చేసింది. సూది ఆపకుండానే, అందరూ వింటుండగానే కూతురితో మాట్లాడింది.

"షాపు పెట్టిన కొత్తలో ఏది అడిగినా, ఆడదానివి నీకేం తెలుసు అన్నారే. అప్పట్నుంచీ అడగడం మానేశాను. అడిగితే నాకు రాదనుకుంటారని భయం. ఇన్నేళ్ళూ వీళ్ళ నోళ్ళు కట్టేసింది ఆ భయమే." ఆవిడ గుండీ దారం కొరికి తెంపింది. "ఉండమని చెప్పనమ్మా. ఉంటావా అని అడుగుతున్నాను."

కూతురు కళ్ళు తుడుచుకుని ఫోను తీసి, అక్కడే నిలబడి మాట్లాడింది. పిలిచినందుకు చాలా సంతోషం, కానీ రాలేను, మా ఇంట్లోనే పని దొరికింది అని చెప్పింది.

అమ్మగారు ఒళ్ళోని చొక్కా తడవకుండా పక్కన పెట్టి, అందరి ముందూ హాయిగా ఏడ్చింది.