అనువాదకుడు సేవ్ చేయని వాక్యం

అనువాదకుడు వాక్యం మధ్యలో చనిపోయాడు.

వెనక నుంచి ఒకే తూటా. తుపాకీకి సైలెన్సర్ ఉంది కాబట్టి పక్క గదిలో కవర్లు అంటిస్తున్న ఇద్దరు గుమాస్తాలూ తల కూడా తిప్పలేదు. శవాన్ని తివాచీలో చుట్టి, సామాను లిఫ్టులో దించారు. కుర్చీ తుడిచారు. కంప్యూటర్‌ను మాత్రం ముట్టుకోలేదు.

ఆ ఒక్క సంగతే పెద్దాయనకు మింగుడుపడలేదు.

"ఇల్లంతా ఊడ్చుకుపోయిన దొంగ తాళంచెవి గుమ్మంలో పెట్టి పోయినట్టుంది," అన్నాడు. ఆయన ఆ డిపార్ట్‌మెంటుకు చీఫ్. టైర్ల గోడౌన్ పైగదిలో బల్లకు అటు ఆయన, ఇటు మేస్త్రి, మూలగా డాక్టరు కూర్చున్నారు. మేస్త్రి అసలు పేరు ఫైలులో ఉంది. ఏ ఇంటికైనా పనివాడి వేషంలో వెళ్ళగలడు కాబట్టి అందరూ మేస్త్రి అనే పిలుస్తారు. డాక్టరు వైద్యం చేసేది కంప్యూటర్లకు.

"మెషీన్ ఆన్‌లో ఉందని మనకు చెప్పిందెవరు?" అన్నాడు మేస్త్రి.

"ఎర్ర కోటు."

ఎర్ర కోటు ఆ ట్రాన్స్‌లేషన్ బ్యూరోలో మేనేజరు. బ్యూరో విదేశీ ముఠాకు ముసుగు. ఆమె ముఠా జీతం తీసుకుంటూ మనకు పని చేస్తోంది. అనువాదకుడూ అంతే.

పెద్దాయన మ్యాపు పరిచాడు. ముఠాకు విషం తయారు చేసిపెట్టిన కెమిస్టు ఒకడు మనవైపు వచ్చాడు. ఇవాళ కోర్టు లేచేలోగా అతను బోనులో నిలబడాలి. నిలబడకపోతే ముఠా నాయకుడు విడుదలై విమానం ఎక్కుతాడు. కోర్టుకు రెండే దారులు, వంతెన, సొరంగం. రెండింటిలో ఒకచోట బాంబు ఉంది. ఎక్కడుందో అనువాదకుడు కనిపెట్టాడు. అది టైపు చేస్తుండగానే చంపేశారు.

"రెండు చోట్లా వెతికిస్తే?"

"వెతికిస్తే మనకు తెలిసిపోయిందని వాళ్ళకు తెలుస్తుంది. తుపాకులతో మూడో చోటికి వస్తారు."

"వాయిదా?"

"జడ్జి రెండు ఇచ్చాడు. మూడోది అడిగితే నన్నే బోనెక్కిస్తానన్నాడు."

"కారు నడిపేదెవరు?"

పెద్దాయన మ్యాపు మడతపెట్టాడు. "నీ బావమరిది."

మేస్త్రి ఆ మడతలకేసి చూశాడు. వాడిని ఈ ఉద్యోగంలో పెట్టించింది తనే. వద్దని భార్య వారం రోజులు మాట్లాడలేదు.

"వాడు నీ గొంతు వింటేనే దారి ఎంచుకుంటాడు. ఇంకెవరు చెప్పినా వినడు, నేను చెప్పినా సరే. ఏర్పాటు అది. ఉన్నవాడు ఉన్నచోట ఆగిపోవాలంటే కోడ్ 'పొయ్యి ఆర్పు'. ఇవాళ్టి కోడ్ మన నలుగురికే తెలుసు."

"నలుగురా?"

"మనం ముగ్గురం, వాడు."

డాక్టరు గొంతు సవరించుకున్నాడు. "ఇప్పుడు నా మాట విను. అనువాదకుడు ఏదీ సేవ్ చేసేవాడు కాదు. ముఠావాళ్ళు రోజూ అతని ఫైళ్ళు తనిఖీ చేస్తారు. అందుకని ఎడిటర్ తెరిచి, టైపు చేసి, లైను మీద మనకు పంపి, సేవ్ చేయకుండా మూసేసేవాడు. ఫైలు పుట్టదు, తనిఖీకి దొరకదు."

"అయితే నేను వెళ్ళి తెచ్చేదేంటి?"

"టెంప్ ఫైలు. మనం టైపు చేసేదంతా ఎడిటర్ తన పనికోసం డిస్కులో ఓ పక్కన రాసుకుంటుంది. మనకు కనిపించదు. సేవ్ చేసి మూసినా, చేయకుండా మూసినా, పోతూ పోతూ దాన్ని చెరిపేసి పోతుంది. మర్యాదగా మూస్తే మాయం. కరెంటు పోయి చచ్చిందనుకో, చెరిపే తీరిక ఉండదు."

"అంటే మర్యాద చేయకూడదు."

"అస్సలు చేయకు. ప్లగ్గు పీకి డిస్కు పట్టుకొచ్చెయ్."

"తెర మీద ఉన్నది చదివి చెబితే సరిపోదా?"

"చదువు, చెప్పు. టైము లేదు కాబట్టి పెద్దాయన దాని మీదే కారు కదిలిస్తారు. నాకు మాత్రం డిస్కు కావాలి."

మేస్త్రి చెవిలో బఠాణీ గింజంత ఇయర్‌పీస్ పెట్టుకున్నాడు. చొక్కా గుండీ మైకు.

*

బ్యూరో నాలుగో అంతస్తులో ఉంది. మేస్త్రి ఏసీ కంపెనీ యూనిఫాంలో, పనిముట్ల సంచితో లిఫ్టు దిగాడు. రిసెప్షన్‌లో ఎవరూ లేరు. కవర్లు అంటించే గుమాస్తాలు అతన్ని చూసి మళ్ళీ కవర్లలో పడ్డారు.

ఎర్ర కోటు కారిడార్ చివర నిలబడి ఉంది. ఆమెను ఒకసారి చూసినవాడు రెండోసారి చూడకుండా ఉండలేడని డిపార్ట్‌మెంటులో అంటారు. మేస్త్రి ఒక్కసారే చూశాడు.

"ఏసీ నీళ్ళు కారుతోందా మేడమ్?"

"కారడం లేదు, గడ్డ కట్టింది." ఆనవాలు సరిపోయింది. ఆమె గొంతు తగ్గించింది. "ఇంత ఆలస్యమా? లోపలికి రండి."

గదిలో ఫినాయిల్ వాసన. కుర్చీ కింద తివాచీ లేదు, అది పరిచి ఉన్నంత మేర ఎండ పడని నేల నలుచదరంగా వేరే రంగులో కనిపిస్తోంది. తెర మీద నల్లటి కిటికీ, అందులో ఒకే ఒక లైను.

సాయంత్రం బాంబు సొరంగంలో. వంతెన దారి సురక్షితం.

"నేను భోజనం నుంచి వచ్చేసరికి ఇదీ పరిస్థితి," అంది ఎర్ర కోటు. "వాళ్ళకు ఎడిటర్ గురించి ఏం తెలుసు? ఫైలు లేదు కాబట్టి ఏమీ లేదనుకున్నారు. మీరొచ్చేదాకా నేను తెర ఆర్పేసి ఉంచాను."

మేస్త్రి గుండీ మైకులో ఆ లైను చదివాడు. అవతల పెద్దాయన ఊపిరి వినిపించింది. తరవాత కారు రేడియో కలిసింది.

"బావా! ఇంత లేటా? సీసా వెనక సీట్లో చెమటలు కక్కుతోంది." సీసా అంటే కెమిస్టు. "ఏసీ పెంచరా అంటే మా ఆఫీసు కారులో ఏసీ ఎక్కడేడ్చింది? నువ్వే ఏసీ మేస్త్రివి కదా, వచ్చి బాగుచెయ్యి."

"నోరు ముయ్యరా. వంతెన."

"వంతెనా? ఖాయమేనా?"

"వంతెన."

"నీ మాట మా అక్క మాటంత ఖాయం. బయల్దేరుతున్నా."

ఎర్ర కోటు అప్పటికే కుర్చీలో కూర్చుంది. వేళ్ళు కీబోర్డు మీద ఉన్నాయి. "సేవ్ చేసి, మూసి, కాపీ మీకు పెన్‌డ్రైవ్‌లో ఇస్తాను. ఇలా తెరిచి ఉంచితే ప్రమాదం."

"ఆగండి మేడమ్."

"ఒక్క సెకను."

మేస్త్రి వంగి బల్ల కింద ప్లగ్గు పీకాడు. తెర వెలుగుతూనే ఉంది. బల్ల కింద ఓ పెట్టె కీచుమంది. యూపీఎస్. ఆమె వేలు ఎంటర్ మీదికి పోయింది. మేస్త్రి కేబుల్‌ను ఈసారి మెషీన్ వెనకనుంచే లాగాడు. తెర నల్లబడింది. ఎంటర్ టక్కుమంది కానీ వినేవాళ్ళు లేరు.

గదిలో యూపీఎస్ ఒక్కటే అరుస్తోంది.

"ఏం చేశారు మీరు?" ఆమె నవ్వడానికి ప్రయత్నించింది. "అంతా పోయింది కదా?"

"పోతే పోయింది. మావాళ్ళకు ఈ డబ్బా కావాలట." స్క్రూడ్రైవర్ తీసి పక్క మూత విప్పాడు.

"దీన్లోంచి ఏం తీస్తారు?"

"నాకేం తెలుసు మేడమ్. డాక్టరు తెమ్మన్నాడు."

ఆమె పర్సు అందుకుంది. "డిస్కు మాయమైతే ముందు నా పీకే కోస్తారు. నేనూ వస్తాను. నన్ను బయటపడెయ్యండి."

అడిగింది న్యాయమే. మేస్త్రి కాదనలేదు.

*

వ్యాను సందు మలుపులో ఉంది. డాక్టరు వెనక భాగంలో, మధ్యలో ఇనప రేకు, దానికి చెయ్యి పట్టేంత కంత. మేస్త్రి డిస్కును అందులోంచి వెనక్కి అందించి స్టీరింగ్ పట్టాడు. ఎర్ర కోటు పక్క సీట్లో కూర్చుంది. బెల్టు పెట్టుకుంటే కోటు నలుగుతుందంది.

డాక్టరు మాటకారి. మౌనవ్రతం పట్టమంటే దాని గురించి అరగంట మాట్లాడతాడు. మొదట్లో ఇయర్‌పీస్‌లో వాగుతూనే ఉన్నాడు. "టెంప్ ఫైలు బతికుంది... మంచి బిడ్డ... రికవరీ ప్రోగ్రాం పెట్టాను... వచ్చింది, నువ్వు చదివిన లైనే. సొరంగం." కాసేపయ్యాక, "ప్రోగ్రాం సర్దిపెట్టని ముడి ఫైలు కూడా చూస్తా, ఉండు," అన్నాడు.

తరవాత మాట లేదు.

రెండు సిగ్నళ్ళు దాటాయి. మేస్త్రికి ఆ మౌనం నచ్చలేదు.

"మేస్త్రీ." గుసగుస. "మొహం మార్చకు. పక్కకు చూడకు."

మేస్త్రి రోడ్డునే చూశాడు.

"ఈ ఎడిటర్ పాత రకం. లైను మారిస్తే పాతదాని మీద రాయదు. కొత్తది చివర చేరుస్తుంది, పాతదాన్ని చూపించడం మానేస్తుంది, అంతే. మూసేదాకా పాత లైన్లన్నీ అక్కడే పడి ఉంటాయి. ఇందులో మూడు లైన్లున్నాయి. వరసగా చదువుతా. ఒకటి, బాంబు వంతెన కింద, సొరంగం సురక్షితం."

మేస్త్రి గేరు మార్చాడు.

"రెండు, 'ఎర్ర కోటు వాళ్ళ మని'. అక్కడ తెగిపోయింది. మనిషి అని రాయబోయాడు. మూడోది నువ్వు చదివింది. ఇప్పుడాలోచించు. మాట మధ్యలో చచ్చినవాడు లేచొచ్చి, దారి మార్చి, చివర చుక్క పెట్టి పోతాడా?"

తూటా తగిలాక అనువాదకుడి చేతులు ఆగిపోయాయి. ఎవరూ ఏమీ నొక్కకపోతే కొన్ని సెకన్లు చూసి, ఉన్నది ఉన్నట్టు డిస్కులోకి దించుకోవడం ఎడిటర్‌కు అలవాటు. అలాగే దించుకుంది. తరవాత ఇంకెవరో ఆ కుర్చీలో కూర్చున్నారు. కంచే చేను మేసింది.

వంతెన అన్నది మేస్త్రి నోరే. రెండుసార్లు అంది.

డాష్‌బోర్డు మీద రేడియో ఉంది. అతని చెయ్యి స్టీరింగ్ మీంచి జానెడు కదిలింది.

"వద్దు," అంది ఎర్ర కోటు.

ఆమె చేతిలో లిప్‌స్టిక్ గొట్టం ఉంది. దాని మూతి అతని పక్కటెముకల వైపు ఉంది. అలాంటిది మేస్త్రి ఇంతకు ముందు ఓ శవం దగ్గర చూశాడు. ఒకే తూటా పడుతుంది. ఒకటి చాలు.

"మీ డాక్టరు ఏదో చదివినట్టున్నాడు. మీ చెవులు ఎర్రబడ్డాయి. రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టండి. వెనకాయన కదిలితే ముందు మీరు పోతారు."

"చిత్తం మేడమ్."

"కారు వంతెన ఎక్కేదాకా ఇలా మెల్లగా పోదాం. మీ బావమరిది కదూ? పాపం. సరదా మనిషని మావాళ్ళ దగ్గరున్న ఫైల్లో ఉంది."

"మేస్త్రీ," అంది చెవిలో డాక్టరు గొంతు, "నీ గుండీ మైకు మీ బావమరిది కారు రేడియోకు కలిపాను. ఆ పైన నీ ఇష్టం."

మాట్లాడితే ఆమె కాలుస్తుంది. మాట్లాడకపోతే సాయంత్రం ఇంటికి వెళ్ళి భార్య మొహం చూడాలి. మేస్త్రి కుడికాలు బ్రేకు మీదికి తెచ్చాడు. ఆమె అతని చేతులనే కనిపెట్టుకుని ఉంది. నోటి సంగతి ఆమెకు తట్టలేదు.

"పొయ్యి ఆర్పు," అన్నాడు. బ్రేకు నేలకు తొక్కాడు.

బెల్టు లేని ఎర్ర కోటు ముందుకు ఎగిరి అద్దానికి కొట్టుకుంది. తూటా వ్యాను కప్పులోంచి పోయింది. వెనక కారువాడు హారన్ కొట్టి తల్లినీ తండ్రినీ తలుచుకున్నాడు. మేస్త్రి ఆమె మణికట్టు విరిచి గొట్టం లాక్కున్నాడు. నుదుటి మీంచి రక్తం కోటు మీదికి కారుతోంది. కోటు మీద అది కనిపించడం లేదు.

ఇయర్‌పీస్‌లో గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు.

"ఒరేయ్," అన్నాడు మేస్త్రి.

ఇయర్‌పీస్‌ను వేలితో లోపలికి నొక్కుకున్నాడు.

"ఒరేయ్, ఉన్నావా?"

"ఉన్నాను బావా. ముందు చక్రాలు వంతెన మీద, వెనక చక్రాలు రోడ్డు మీద. వెనకాల లారీవాడు చంపేసేట్టున్నాడు. ఏం చెయ్యమంటావు?"

"వెనక్కి తీసుకో. నిదానంగా. సొరంగంలోంచి పో."

"ఇందాక వంతెన అన్నావు కదా?"

"అన్నాను. పోరా."

*

బాంబు వంతెన స్తంభానికి, చేపల వలలో చుట్టి వేలాడదీసి ఉంది. కెమిస్టు బోనెక్కేసరికి జడ్జి కళ్ళజోడు డబ్బాలో పెట్టుకోబోతున్నాడు. మళ్ళీ తీసి పెట్టుకున్నాడు.

ఎర్ర కోటు తలకు కట్టుతో, చేతికి బేడీతో పెద్దాయన ముందు కూర్చుంది. ముఠా గురించి ఏది అడిగినా పెదవి విప్పలేదు. తను మాత్రం ఒకటి అడిగింది.

"ఆ లైన్లు నా చేత్తో నేనే తీసేశాను. తెర మీద లేవు. ఎలా దొరికాయి?"

డాక్టరుకు జవాబు చెప్పాలనుంది. ఎడిటర్లు ఎప్పుడు పుట్టాయో అక్కణ్ణుంచి మొదలుపెట్టి చెప్పాలనుంది. పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు.

"పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగిందమ్మా," అన్నాడు. "తీసుకెళ్ళండి."

మేస్త్రి మెట్లు దిగుతుంటే ఫోన్ మోగింది. భార్య.

"మా తమ్ముడు వచ్చి గదిలో దుప్పటి ముసుగు పెట్టాడు. పలకరిస్తే పలకడు. వాడినేమన్నావు నువ్వు?"

మేస్త్రి మెట్టు మీద ఆగాడు.

"ఒక మాటన్నాను," అన్నాడు. "వెనక్కి తీసుకున్నానులే."