చెంచాడు తీర్థం

"నా ఇంటిదాన్ని అలా చేసింది నేనేనంటమ్మా," అన్నాడు రత్తయ్య, గవర్నర్‌పేటలో డిటెక్టివ్ జ్ఞానేశ్వరి ఆఫీసు కుర్చీ అంచున కూర్చుని. ఉయ్యూరు దగ్గర మూడెకరాల రైతు. 2023 జూన్ పన్నెండున అతని భార్య సీతారావమ్మకు గాల్‌బ్లాడర్ ఆపరేషన్ జరిగింది. మత్తులోకి వెళ్లిన మనిషి మళ్లీ మాట్లాడలేదు, మంచం దిగలేదు.

"ఆపరేషన్‌కి ముందు ఏమీ పెట్టొద్దన్నా, తెల్లారగట్ల చెంచాడు తీర్థం పోశానండి. ఆ మాట డాక్టరు గారితో అంటే, 'అయితే నువ్వే చేసుకున్నావు' అన్నారు. పెట్టని ఇడ్లీ ఎనిమిదింటికి పెట్టానని కేస్ షీట్లో రాసుందంట, కింద నా సంతకం. ఆగస్టులో డిశ్చార్జి చేసేప్పుడు బోలెడు కాయితాల మీద పెట్టించారు. సంతకం మాట వినగానే లాయర్లు చేతులెత్తేస్తున్నారు. వినియోగదారుల కమిషన్‌లో కేసెయ్యడానికి రెండేళ్లే గడువంట. ఇంకో వారమే ఉంది."

కుడితిలో పడ్డ ఎలుక పరిస్థితి. అసిస్టెంటు విఠల్‌కి దారేమీ కనిపించలేదు. మేడమ్‌కి కనిపించే ఉంటుందని మాత్రం అతని నమ్మకం.

"కేస్ షీటు కాపీ అడిగారా?" అంది జ్ఞానేశ్వరి.

"నోటితో అడిగితే గెంటేశారండి."

"రాసి అడుగుదాం. డెబ్బై రెండు గంటల్లో ఇచ్చి తీరాలి. అర్జీ అందినట్టు స్టాంపు వేయించుకురా, విఠల్."

మూడో రోజు కాపీ వచ్చింది. జ్ఞానేశ్వరి ఇడ్లీ సంగతి చదవనే లేదు. కాగితం అట్టడుగున చీమ తలకాయలంత అక్షరాల్లో ఉన్న ప్రెస్సు పేరు, పక్కనున్న అంకెలు భూతద్దంతో చూసి, విఠల్‌ని రెండు వీధుల అవతలికి పంపింది.

మర్నాడు ముగ్గురూ ఆసుపత్రిలో, ఆపరేషన్ చేసిన డాక్టర్ శరత్‌చంద్ర గదిలో కూర్చున్నారు. ఆ రోజు థియేటర్లో ఉన్న నర్సు స్టెల్లా గోడవారన నిలబడింది.

"ఆవిడ ఇడ్లీ తినడం మీరు చూశారా?" అడిగింది జ్ఞానేశ్వరి.

స్టెల్లా డాక్టరు వైపు చూసింది.

"సంతకం ఉందిగా, ఇంకేం కావాలి?" అన్నాడు శరత్‌చంద్ర.

"అడుగున 7/23 అని కూడా ఉంది. ఈ ఫారాలు జూలైలో అచ్చేశామని ప్రెస్సువాళ్లు రాసిచ్చారు. జూలైలో పుట్టిన కాగితం మీద జూన్‌లో ఎలా రాశారు డాక్టరు గారూ? అసలు షీటు తీసేసి ఇది రాశారు. డిశ్చార్జి కాగితాల మధ్య పెట్టి సంతకం చేయించారు. మరి అసలు దాంట్లో ఏముంది?"

జవాబు స్టెల్లా చెప్పింది.

"మత్తు డాక్టరు గారు పక్క థియేటర్లో ఇంకో కేసుకి వెళ్లారండి. ఆక్సిజన్ గొట్టం ఊడింది. ఆయన్ని పిలిచి మళ్లీ పెట్టించేసరికి పది నిమిషాలు. నేను షీట్లో రాశాను, ఈ శరత్‌చంద్ర సారే చింపేశారు. కమిషన్‌లో చెప్తానండి."

"రేపే కేసు వేస్తున్నాం," అంది జ్ఞానేశ్వరి.

రత్తయ్య డాక్టరు వైపు చూడనే లేదు.

"అయితే నా తీర్థం కాదా అమ్మా?"

"కాదు రత్తయ్య గారూ. ఆపరేషన్ పదకొండింటికి. తెల్లారగట్ల తాగిన చెంచాడు నీళ్ల వల్ల ఏమీ కాదు."

అతను కండువాతో మొహం తుడుచుకుని లేచాడు. "రెండేళ్లుగా దాని మొహం చూడలేక పక్కకి తిరిగే గంజి పోస్తున్నానమ్మా. ఈ మాట దానికి చెప్పాలి."

విఠల్ తలుపు తీసి పట్టుకున్నాడు.

"ఉయ్యూరు బస్సు ఎన్నింటికుంది బాబూ?" అని అడిగాడు రత్తయ్య.