బండికి మరుపు

అద్దె కార్లు తోలడం మానేశాక బాలస్వామి జగ్గయ్యపేటలో ఇంటి వెనక రేకుల షెడ్డు వేసుకుని కార్ల జబ్బులు చూసేవాడు. 2004 నాటికి పేటలో కొత్తరకం కార్లు దిగాయి. వాటికి ఒంట్లో బాగోకపోతే స్టీరింగు వెనక పసుపు దీపం వెలుగుతుంది. కింద రెండు పిన్నులకు తీగముక్క కలిపితే ఆ దీపమే మిణుకుమంటూ జబ్బు అంకె చెబుతుంది. ఒక మిణుకు, కాస్త ఆగి రెండు మిణుకులైతే పన్నెండు. పన్నెండంటే అంతా బాగున్నట్టు.

పగటిపూట దీపం కళ్లకు ఆనదు. అందుకని అద్దాల మీద గొంగళి కప్పి ఆయన లెక్కపెట్టేవాడు. పక్కసీట్లో కూర్చుని భార్య దేవమణి రాసేది. ఆమెకు పొయ్యిమీద పెట్టిన పాలు కూడా గుర్తుండేవి కావు, ప్రతిదీ నోటుబుక్కులో ఎక్కించుకునేది.

అమ్మకానికొచ్చిన ఓ తెల్లకారు అంకెను మాత్రం, రాసిన కాగితం చించి పొయ్యిలో వేసినా మరవలేకపోయింది. నలభై రెండు. నడుస్తూ నడుస్తూ ఇంజను ఆగిపోయే జబ్బు. బాగుచేసే బదులు బాలస్వామి బ్యాటరీ వైరు ఊడదీసి, కాసేపాగి తగిలించాడు. బండికి మరుపు పెట్టడమంటాడు దాన్ని. దీపం బుద్ధిగా పన్నెండు చెప్పింది. దేవమణి అక్క కొడుకు స్తెఫను ఆ బండి కొనుక్కున్నాడు. బాబాయి చూసిన బండికి ఇంక మెకానిక్కెందుకని నవ్వుతూ తోలుకెళ్లాడు.

నెల తిరక్కుండా నందిగామ దాటాక హైవే నడిమధ్యలో బండి ఆగిపోయింది. వెనకనుంచి లారీ గుద్దింది.

పోలీసులు వదిలిన బండిని పెట్టుకునే చోటులేక తల్లి జీవరత్నం మళ్లీ ఈ షెడ్డుకే తోయించింది. స్తెఫను తాగడం మానేసి రెండేళ్లు. అయినా చర్చి సంఘంలో అందరూ, తాగి నడిరోడ్డున ఆపుకున్నాడనే అన్నారు. కొడుకు పోయిన దుఃఖం కన్నా ఆ మాటే ఆమెను తినేసింది. మే నెలలో ఓ మిట్టమధ్యాహ్నం వత్సవాయి నుంచి బస్సెక్కి వచ్చింది. బండికి అన్నీ గుర్తుంటాయటగా, నా ముందు చూసి చెప్పండి, అది చెప్పినమాటే పాస్టరుగారికి చెప్పుకుంటానంది.

బాలస్వామి తొణకలేదు. బ్యాటరీని స్టేషన్లోనే ఎప్పుడో పీకేశారు. బండికి ఇంకేం గుర్తుంటుంది?

వేరే బ్యాటరీ తగిలించి, గొంగళి కప్పి, ఇద్దరూ లోపల కూర్చున్నారు. జీవరత్నం బయట స్టూలుమీద కూర్చుంది. లోపల మధ్యాహ్నమే చీకటైపోయింది. కాలిన రబ్బరు వాసన. దానికింద స్తెఫను తలనూనె వాసన, ఇంకా సీటును పట్టుకునే ఉంది. బాలస్వామి తీగ కలిపాడు.

దీపం మిణుకుమంది. ఒకటి... రెండు... మూడు... నాలుగు.

ఆగింది.

ఒకటి... రెండు.

దేవమణి మొగుడికేసి నాలుగు వేళ్లు చూపించింది. ఆయన ఆ చేతిని కిందికి నొక్కేశాడు.

"పన్నెండు," అన్నాడు బయటికి వినపడేలా. తర్వాత ఆమె చెవిలో, "రాయి."

దీపం మళ్లీ మొదలెట్టింది. నాలుగు... రెండు... నాలుగు... రెండు...

దేవమణి పన్నెండని రాసింది.

బయటికొచ్చి కాగితం చూపించి, పన్నెండంటే బండి బాగున్నట్టేనంది. జీవరత్నం దాన్ని చాలాసేపు పట్టుకుంది. "అయితే తప్పు నా కొడుకుదేనన్నమాట," అంది. బాలస్వామి గబగబా బానెట్టెత్తి బ్యాటరీ వైర్లు రెండూ పీకేశాడు.

జీవరత్నం లేవలేదు. గొంగళి వైపే చూస్తోంది.

"పన్నెండంటే బాగున్నట్టు. మరి నలభై రెండంటే ఏంటే దేవమణీ?"

ఆ అంకె లోపల ఎవరూ పైకి అనలేదు.

"నీకెవరు చెప్పారక్కా?"

"మీరు బయటికొచ్చాక కూడా చెబుతూనే ఉన్నాడుగా."

బండిలో ఎవరూ లేరు. వైర్లు రెండూ బాలస్వామి చేతిలోనే ఉన్నాయి. జీవరత్నం తల ఓ పక్కకు వంచి, చెవి ఒగ్గి వింది. ఆమె మొహంలో దుఃఖం పోయి, ఇంకేదో వచ్చింది.

"ఇప్పుడు అంకెలు కావు," అంది మెల్లగా. "పేర్లు చెబుతున్నాడు."

మొదటి పేరు ఎవరిదో దేవమణికి అడగాల్సిన పనిలేకపోయింది.