ఫెల్డ్‌స్పార్ లేని గ్రానైట్

"ఇందులో ఫెల్డ్‌స్పార్ ఎంత ఉంటుందండీ?" గులాబీ రంగు పలక మీద వేలు పెట్టి అడిగిందా అమ్మాయి.

భవానీప్రసాద్ గతుక్కుమన్నాడు. జగ్గయ్యపేటలో నాన్న వెంకటరత్నంతో కలిసి మూడేళ్లుగా గ్రానైట్ షాపు నడుపుతున్నా, ఆ మాట ఎప్పుడూ వినలేదు. ఏదో కల్తీ సరుకనుకున్నాడు.

"ఛఛ! అలాంటివి మన దగ్గరుండవండీ. కావాలంటే రాసిస్తా!"

"రాసివ్వండి."

రాసిచ్చాడు. ఆమె నవ్వు బిగబట్టుకుని, మా వంటగట్టు కొలతలు తెస్తానని చెప్పి నందిగామ బస్సెక్కింది. ఆ నవ్వు మెచ్చుకోలనుకున్నాడు పాపం. సాయంత్రానికి వెంకటరత్నం షాపు ముందు బోర్డే పెట్టించాడు: 'ఫెల్డ్‌స్పార్ లేని స్వచ్ఛమైన గ్రానైట్.'

వారం తిరక్కుండా బోర్డు సంగతి విని వత్సవాయి నుంచి పుష్పవతమ్మ ఆటోలో వచ్చి దిగింది.

"నిరుడు మీరిచ్చిన రాళ్లలో ఆ ఫెల్డేదో ఉందా అబ్బాయ్? పిల్లలకి ఒకటే దగ్గు!"

సరిగ్గా అప్పుడే కొలతల కాగితంతో ఆ అమ్మాయి లోపలికొచ్చింది.

"ఉంటుందమ్మా. అది లేకపోతే గ్రానైటే కాదు. ఈ గులాబీ రంగు దానిదే. గట్టు మీదున్న రాయి వల్ల దగ్గు రాదు, డాక్టరుకి చూపించండి. నా పేరు ఉషశ్రీ. కాలేజీలో జియాలజీ చెప్తా."

వెంకటరత్నం కొడుక్కి కన్నుగీటాడు, కాదని చెప్పరా అన్నట్టు. భవానీప్రసాద్ బయటికెళ్లి స్టూలెక్కి బోర్డు దించేశాడు.

"తప్పు నాదేనమ్మా. తెలీక వాగేశా."

"పనికిమాలిన రాయివిరా నువ్వు!" అన్నాడు వెంకటరత్నం.

బయట వాన మొదలైంది. రేకుల కింద నిలబడ్డ ఉషశ్రీ మెల్లగా అంది, "సారీ అండీ. ఆ రోజే చెప్పాల్సింది. మీరంత ధీమాగా రాసిస్తుంటే ముచ్చటేసింది."

"ఇంతకీ ఆ పేరేంటండీ?"

"జర్మన్ నుంచి వచ్చిన మాట. ఫెల్డ్ అంటే పొలం. స్పార్ అంటే పొరలుగా పగిలే రాయి, లోహం దొరకని రకం."

"అంటే మా నాన్న తిట్టిన పనికిమాలిన రాయే కదండీ!"

"భూమి పైపొరలో సగానికి పైగా అదే. అది లేకపోతే మనం నిలబడ్డానికి చోటేదండీ?" అనేసి, తనన్న మాట తనకే వినపడి, గబుక్కున వాన వైపు తిరిగింది.

ఆ తర్వాత కొలతలు సరిచూడాలంటూ భవానీప్రసాద్ మూడుసార్లు నందిగామ వెళ్లాడు. వంటగట్టు పెరిగేదీ కాదు, తరిగేదీ కాదు. ప్రతిసారీ ఉషశ్రీ వాళ్లమ్మ జ్ఞానప్రసూనాంబ కాఫీ ఇచ్చి, ఎగాదిగా చూసి, ఏమీ అనకుండా లోపలికెళ్లేది.

రాయి బిగించిన రోజు ఉషశ్రీ గుమ్మం దాకా వచ్చింది.

"మీ నాన్నగార్ని ఒకసారి రమ్మంటోంది అమ్మ."

"ఎందుకండీ? రాయి ఎక్కడన్నా పగిలిందా?"

"రాయి బాగానే ఉంది. మీరే... అన్నీ రాసిస్తే గానీ అర్థం కాదా?"

భవానీప్రసాద్ వెనక పనిముట్లు సర్దుకుంటున్న ప్రేమదాసు మేస్త్రీ తలెత్తకుండానే అన్నాడు.

"ఆదివారం పదింటికంట బాబూ. అమ్మగారు నాకు పొద్దున్నే చెప్పారు."