ఈ ఫిల్ము ఎవరి తలది?

"సార్, మీ మామగారు తాగి వచ్చారు. కోడ్ వర్డ్ చెప్పమంటే ఏదో గొణుగుతున్నారు. తొమ్మిదింటి నుంచి గార్డు రూంలో కూర్చోబెట్టాం."

ఫోన్లో గేటు గార్డు మాట విని ఏజెంట్ డేగ వాచీ చూశాడు. పదకొండున్నర. లిఫ్టు మెకానిక్ వేషంలో శత్రువుల ఆఫీసులో రహస్య మైకు అమర్చుతున్నవాడు పనిముట్లు అక్కడే వదిలేసి పరుగెత్తాడు. మామగారు జీవితంలో మందు ముట్టని మనిషి. సీక్రెట్ సర్వీసులో కోడ్ విభాగానికి అధిపతి. విదేశీ ముఠాకు అమ్ముడుపోయిన ఇంటిదొంగ ఎవరో ఆయన కనిపెట్టారు. ఆ పేరు ఇవాళ డైరెక్టరుకు చెప్పాలి. దేన్నీ కాగితం మీద పెట్టే అలవాటు ఆయనకు లేదు.

గ్రీజు మరకల బట్టలతోనే డేగ సర్వీసు ఆఫీసు గేటు దగ్గర కోడ్ వర్డ్ చెప్పాడు. సెల్యూట్ కొట్టి తలుపు తీశారు. గార్డు రూంలో మామగారిని చూడగానే అతనికి ఒళ్లు మండిపోయింది.

"లిఫ్టు మెకానిక్కి సలాం కొడతారు, ముప్పై ఏళ్ల సర్వీసున్న మనిషికి మూతి వంకరపోతే తాగుబోతంటారా? కుడిచెయ్యి వేలాడుతోంది, కళ్లు లేవా మీకు? అది స్ట్రోక్. ఎనిమిదింటికి నాతో ఫోన్లో బాగానే మాట్లాడారు. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. పన్నెండున్నర దాకే టైముంది."

కింది అంతస్తులోనే సర్వీసు క్లినిక్. అక్కడి డాక్టరమ్మ నవ్వితే సగం డిపార్టుమెంటుకు లేని జబ్బులు వచ్చేవి. ఆవిడ పెద్దాయనను లోపలికి తీసుకెళ్లి, పావుగంటలో తల సీటీ స్కాన్ ఫిల్ముతో బయటికి వచ్చింది.

"మెదడులో రక్తస్రావం. ఇంజెక్షన్ ఇస్తే పోతారు. ప్రశాంతంగా పడుకోనివ్వండి."

డేగ ఫిల్మును ట్యూబులైటు వైపు ఎత్తి చూశాడు. తెల్లటి రక్తపు మచ్చ ఉంది. కానీ మామగారి చెవి వెనక ఎముకలో, పాత మిషన్‌లో దిగిన తూటా ముక్క ఉండాలి. సీటీలో లోహం తళుక్కున మెరుస్తుంది. ఇందులో ఏమీ లేదు.

"ఇది ఎవరి తల?"

"పాత ఫిల్ము కలిసిపోయినట్టుంది. పొరపాట్లు జరుగుతాయి," అందావిడ తొణక్కుండా.

డేగ పిస్టల్ తీసి ఆవిణ్ణి గోడకు నిలబెట్టి, టెక్నీషియన్‌ను కేకేశాడు.

"మేడమే మెషీన్ ఆపేయమన్నారు సార్," అంటూనే అతను పెద్దాయనను స్కానర్‌లోకి జరిపాడు. మొదటి స్కాన్‌లో ఎక్కడా రక్తస్రావం లేదు. నరంలోకి రంగుమందు ఎక్కించి మళ్లీ తీశాడు. మెదడులో ఎడమవైపు రక్తనాళం పూడుకుపోయి ఉంది. మెడలోని నాళం కొవ్వు పేరుకొని సన్నబడింది. గడ్డ అక్కడి నుంచే పైకి వెళ్లింది. డ్యూటీ డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చేసరికి పన్నెండూ ఇరవైతొమ్మిది.

డైరెక్టరు హడావిడిగా వచ్చాడు. "ఫిల్ము మారినంత మాత్రాన ఆవిడే ఇంటిదొంగ అంటే ఎలాగయ్యా? ఆధారం ఏది?"

డాక్టరమ్మ తాపీగా జుట్టు సర్దుకుంది.

"ఆధారమా?" డేగ గొంతు చించుకున్నాడు. "ఆధారం తలలోనే ఉంది సార్. ఆ తలనే మీవాళ్లు రెండున్నర గంటలు కుర్చీలో ఎండబెట్టారు."

మరో గంటకు పెద్దాయన పెదవులు కదిలాయి. అందరూ మంచం మీదికి వంగారు. మాటలు ముద్దముద్దగా వచ్చాయి.

"ఈవిడే. ఇందాక నా పక్కనే నిలబడి, ముసలాడి నోరు పడిపోయింది, ఇక మనకి భయం లేదని ఫోన్లో చెప్పింది." ఆయన ఊపిరి కూడదీసుకుని డాక్టరమ్మ వైపు చూశారు. "పడిపోయింది నోరమ్మా, చెవులు కాదు. అల్లుడూ, నువ్వు కూడా కాస్త గొంతు తగ్గించు."