డబ్బా అయ్యాక చెప్పండి

దుర్గాశ్రీ వాకిట్లో కొబ్బరిపీచు ఊడుస్తోంది. ఊడ్చిన కొద్దీ గాలి మళ్ళీ తెచ్చి పోస్తోంది.

"ఏమండీ, కాస్త గేటు తీస్తారా?"

ఎదురింట్లో అద్దెకుంటున్న వీరేంద్ర.

"తోస్తే వచ్చేస్తుందండీ."

"గేటు వస్తుందండీ. చెయ్యే రావట్లేదు."

ఆమె చీపురు అడ్డం పెట్టుకుని నవ్వింది. ముందురోజు కొబ్బరికాయల ఒలుపువాళ్ళు రాలేదు. కాయల కోసం వచ్చిన లారీ ఆగిపోయింది. తాటిపాక ఊళ్ళో ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే ఈ మనిషి, "దానికేముందండీ, నేను ఒలిచేస్తాను" అని ముందుకొచ్చాడు. నేలలో పాతిన గునపానికి కాయ గుచ్చి, మెలితిప్పి, పీచు ఊడదీయాలి. చూస్తే సులువే. చేస్తేనే నడుం ఎక్కడుందో తెలుస్తుంది.

దుర్గాశ్రీ తండ్రి గంగాధరరావు గారు కాయలు అమ్మిన రైతే గానీ ఒలిచిన రైతు కాదు. అయినా, "ఆఫీసు కుర్రాడు ఒలుస్తుంటే నేను కూర్చుంటానా?" అని పంచె ఎగ్గట్టి రెండో గునపం దగ్గర నిలబడ్డారు. చీకటి పడేదాకా ఇద్దరికీ పోటీయే.

దుర్గాశ్రీ రాజోలులో ఆయుర్వేదం మందుల షాపులో పనిచేస్తుంది. లోపలికెళ్ళి ఓ డబ్బా తెచ్చి, అతని చొక్కా జేబులో తనే పడేసింది.

"అశ్వగంధ, పసుపు, శొంఠి కలిపిన మాత్రలు. రెండు పూటలా భోజనం అయ్యాక వేసుకోండి. అలవాటు లేని పనికి పట్టేసిన ఒళ్ళు సర్దుకుంటుంది, మనసూ హుషారుగా ఉంటుంది అని డబ్బా మీద రాసేరు."

"మీరు నమ్ముతారా?"

"నేను అమ్ముతానండీ. నమ్మకం కొనేవాళ్ళది."

ఆ రోజు నుంచి, చెయ్యి ఎంతవరకూ లేస్తోందో చూపించే వంకతో సాయంత్రాలు వచ్చేవాడు. ఓ సాయంత్రం సన్నగా జల్లు పట్టుకుంది. ఇద్దరూ కాయలు పోసే పాక చూరు కింద నిలబడ్డారు.

"దుర్గాశ్రీ గారూ, మీరంటే నాకిష్టమండీ. పెళ్ళి చేసుకుందామా?"

ఆమెకి సరేననాలనే ఉంది. కానీ షాపులో అదే డబ్బా కొన్న ఓ ముసలాయన గుర్తొచ్చాడు. మాత్రలు వేసుకున్న హుషారులో, ఏళ్ళ తరబడి తగువులో ఉన్న బావమరిదిని పిలిచి పాడిగేదెను ఇచ్చేశాడు. డబ్బా అయిపోయాక తిరిగిమ్మని వీధికెక్కాడు. రేపు తననీ అలా వద్దనేస్తే?

"పూటకి ఎన్ని వేసుకుంటున్నారు?"

"ఏంటండీ?"

"మాత్రలు. ఇది మందు మాట. డబ్బా అయ్యాక చెప్పండి."

అతను వానలోనే వెళ్ళిపోయాడు. మర్నాడు రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. ఊడ్చిన వాకిలే మళ్ళీ మళ్ళీ ఊడుస్తూ ఆమె ఎదురింటి వైపు చూసుకుంది.

గంగాధరరావు గారు మాత్రం భలే హుషారుగా ఉన్నారు. "పులుసు బ్రహ్మాండం, కామేశ్వరీ!" అన్నారు భార్యతో. ఎన్నడూ వినని ఆ మాటకి ఆవిడ బెదిరిపోయి, ఆయన నుదురు పట్టుకు చూసింది.

ఆదివారం వీరేంద్ర వచ్చాడు. మెడ పట్టేసింది, మొహం చిటపటలాడుతోంది.

"మందు దిగిపోయిందాండీ?" అంది, చీపురు ఆపకుండానే.

"దిగడానికి ఎక్కితే కదండీ! నేను ఒక్కటీ వేసుకోలేదు."

"మరి డబ్బా?"

అతను అరుగు వైపు చూశాడు. అక్కడ గంగాధరరావు గారు పేపరు ఇంకాస్త పైకెత్తుకున్నారు.

"మొదటిరోజే పిలిచి అడిగేరు. నడుం పట్టేసిందట, ఇంట్లో తెలిస్తే పరువు పోతుందట. పెద్దాయన అడిగితే లేదంటానా? ఎవరికీ చెప్పనని మాట కూడా ఇచ్చేను. ఇవాళ తప్పేను. క్షమించండి, మావయ్యగారూ!"

ఆ పిలుపుకి పేపరు కదిలింది.

"వానరోజు ఒళ్ళంతా సలుపేనండీ. నిలబడే ఓపిక లేదు, లోకమంతా విసుగ్గా ఉంది. అంత విసుగులోనూ మిమ్మల్ని చూస్తే చెప్పాలనిపించింది. అది మందు మాటా?"

దుర్గాశ్రీకి నవ్వూ కన్నీళ్ళూ ఒకేసారి వచ్చేశాయి. "నొప్పిగా ఉందని నాతో చెప్పొచ్చుగా?"

"చెప్తే ఇంకో డబ్బా ఇస్తారు. అదీ అరుగెక్కేస్తుంది."

"సరే, అడగండి."

"ఏంటి?"

"మొన్న అడిగిందే."

అడిగాడు.

"ఆయ్," అంది తలూపి.

పేపరు మడత పడింది. "మీ నాన్నగారు ఇవాళ కొత్తపేటలో ఇంటి దగ్గరే ఉంటారా, బాబూ?"

"ఉంటారండీ."

గంగాధరరావు గారు లోపలికెళ్ళి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కండువా వేసుకుని వచ్చారు. కిళ్ళీ కొట్టుకి వెళ్ళినా వీధంతా వినబడేలా చెప్పి వెళ్ళే మనిషాయన. "ఎక్కడికండీ? ఏమండీ, మిమ్మల్నే!" అని కామేశ్వరి వెనకాలే అడుగుతోంది. ఆయన పెదవి విప్పలేదు. మెట్లు దిగి, కొత్తపేట బస్సు ఆగే వైపు గబగబా నడిచి వెళ్ళిపోయారు.