ఆగకూడని అండర్‌బ్రిడ్జి

ఇందులో ఒక్క ముక్క అబద్ధమైనా నా పళ్లన్నీ ఊడిపోవాలి అమ్మూ — ఉన్నవి మూడే అనుకో, అయినా ఒట్టు ఒట్టే.

కుమ్హారి నుంచి భిలాయికి అడ్డదారిలో వస్తే రైలు కట్ట కింద ఒక అండర్‌బ్రిడ్జి ఉంది. దానికి చెడ్డపేరు ఈనాటిది కాదు. ఎప్పుడో వరదలో పట్టాలు బాగుచేసే ఓ గ్యాంగ్‌మేన్ అక్కడే కొట్టుకుపోయాడట. అప్పట్నుంచీ వాన పడితే చాలు... టంగ్... టంగ్... సుత్తితో రైలు పట్టా కొడతాడట. ఆ చప్పుడు విని ఆగినవాణ్ణి నీళ్లలోకి లాక్కుపోతాడట. అంచేత ఆగకూడదు. అద్దాలెత్తుకుని, వెనక్కి చూడకుండా, ఒక్క ఊపున దాటెయ్యాలి. రైల్వే తెలుగువాళ్ల ఇళ్లలో పిల్లలకి ఎక్కాలకన్నా ముందు నేర్పేది ఇదే.

భిలాయి సెక్టర్ 6లో ఉండే రామమోహనరావుకి కూడా వాళ్ల నాన్న అలాగే నేర్పాడు. పెద్ద ఇంజనీరయ్యాడు, స్టీలు ప్లాంటులో నిప్పులు కక్కే ఫర్నేసు ముందు కన్నార్పడు... కానీ ఆ మాట మాత్రం ఒంట్లోంచి పోలేదు.

మొన్న శ్రావణంలో కుమ్హారిలో గృహప్రవేశానికి వెళ్లి, కాలేజీలో చదివే కూతురు ఛాయతో కార్లో తిరిగొస్తున్నాడు. సందె వేళకే ఆకాశం కాటుక డబ్బా బోర్లించినట్టయింది. ఇక వాన — ఒక్కో చినుకూ కొబ్బరికాయంత. మెరుపు మెరిస్తే రాయపూర్‌లో ఎవరు ఏ కూర తింటున్నారో కూడా కనబడేదట.

"డాడీ, ఆ పెట్రోలు బంకులో ఆగుదాం. వాన తగ్గాక వెళ్దాం," అంది ఛాయ.

"ఇల్లు వచ్చేసినట్టేనమ్మా."

అండర్‌బ్రిడ్జి దగ్గర దారి పల్లంలోకి దిగింది. కింద నీళ్లు... నల్లగా, కదలకుండా, చీలమండ లోతే ఉన్నట్టు. అవతల గట్టున దీపం కనబడుతోంది. రావు కాలు బ్రేకు మీదికి పోయింది...

టంగ్.

ఆయన అద్దాలు బిగించి ఉన్నాయో లేదో చూసుకున్నాడు.

టంగ్... టంగ్...

"సునియే నా, కాస్త విను డాడీ. ఎవరో ఆగమంటున్నట్టుంది," గుసగుసగా అంది ఛాయ.

"ఆగకూడదు," అన్నాడు అంతకన్నా మెల్లిగా. "వెనక్కి చూడకు."

కాలు బ్రేకు మీంచి ఆక్సిలరేటర్ మీదికి మారింది.

చప్పుడు జోరందుకుంది. టంగ్ టంగ్ టంగ్ — పిచ్చెత్తినట్టు. కారు నీళ్లలోకి దూకింది. చీలమండ లోతనుకున్నది మోకాలైంది, మోకాలు నడుమైంది. ఇంజను ఒక్క దగ్గు దగ్గి చచ్చింది. దీపాలు పోయాయి. తలుపు తొయ్యబోతే అవతల ఏనుగు ఆనుకుని నిలబడ్డట్టు కదల్లేదు. అద్దాల బటన్ పనిచెయ్యలేదు. కాళ్ల దగ్గర్నుంచి చల్లగా పైకి పాకుతోంది నీరు...

పైన చప్పుడు ఆగిపోయింది.

"డాడీ..."

ఆయన ఇద్దరి బెల్టులూ విప్పి, పిల్లని పైకెత్తిపట్టుకున్నాడు. నీళ్లు ఆయన గెడ్డానికి తగిలాయి...

భళ్లున అద్దం పగిలింది. చీకట్లోంచి ఒక చెయ్యి వచ్చి ఛాయ మణికట్టు పట్టుకుంది. లాగింది. వెంటనే రావు కాలరు పట్టుకుంది. ఎలా పాకారో, గట్టు ఎక్కి తిరిగి చూస్తే కారు లేదు. నీళ్లే.

పైన, గట్టు మీద టీ కొట్టు నడిపే అరుణకుమారి నిలబడి ఉంది. నెత్తిన గోనె, ఒక చేతిలో సుత్తి, ఇంకో చేతిలో తాడు చుట్ట. పక్కన కమ్మీకి వేలాడుతూ ఓ రైలు పట్టా ముక్క.

"ఏటి బాబూ, చదువుకున్నోరు మీరు. నీళ్లు నిండిపోనాయి, ఆగండి, వెనక్కి తిరగండి అని వాన పడినప్పుడల్లా ఈ పట్టా కొడతన్నాను. ఒక్కడాగడు. కొట్టీకొద్దీ దెయ్యం తరిమినట్టు నీళ్లలోకే పోతారేటి?"

ఇన్నేళ్లూ భయపడింది ఈవిడ సుత్తికన్నమాట. రావు తల దించుకుని చేతులు జోడించాడు. "నువ్వు దిగి అద్దం కొట్టకపోతే మా పిల్ల..."

"నానెక్కడ దిగినాను బాబూ? నాకు ఈత రాదు. మీ బండి మునగడం చూసి తాడు కోసం కొట్లోకి పరిగెట్టినాను. ఇదిగో, ఇప్పుడే వస్తన్నాను."

ఆకాశం మెరిసింది. ఛాయ మెల్లిగా చెయ్యి చాపి చూసుకుంది. మణికట్టు చుట్టూ ఐదు వేళ్ల అచ్చు... పట్టాలకి పూసే నల్లటి గ్రీజు. భిలాయి బజార్లో సబ్బులన్నీ అరిగిపోయాయి గానీ ఆ మరక ఇప్పటికీ పోలేదట.

సరేగానీ, మబ్బు పట్టింది. ఉరుములు మొదలవక ముందే వెనక గదిలో టీవీ ప్లగ్గు పీకేసి రా. డాబా మీద బట్టల జోలికి పోకు, తడిస్తే మళ్లీ ఆరతాయి. లైటు వెయ్యక్కర్లేదులే... ఆ గదిలో ఎవరుంటారు.